గోడ చెమ్మకి కారణం పై ఇంటివాళ్లేనా?

మా పడగ్గదిలో బీరువాకి పైన, గోడమీద, అరచేయంత మచ్చ. 2022 జూలైలో మొదటిసారి నా కంట పడింది. ఆ నెలంతా హైదరాబాదులో వానలే వానలు. మావారు కాఫీ గ్లాసుతో వచ్చి, మెడ పైకెత్తి ఓసారి చూసి, "వానలు తగ్గితే అదే ఆరిపోతుందిలే" అనేశారు. మగవాళ్లకి ఇంట్లో ఏది పాడైనా అదే ఆరిపోతుంది, అదే తగ్గిపోతుంది, అదే సర్దుకుంటుంది. సరేలే అని నేనూ ఊరుకున్నాను.

మొదటి పొరపాటు అక్కడే జరిగింది. ఆ గోడ బయటి గోడ కాదు. దానికి అటువైపు మా బాత్‌రూమ్ ఉంది. వాన ఎంత ఈడ్చి కొట్టినా ఇంటి నడిమి గోడ ఎలా తడుస్తుంది? ఈ చిన్న ప్రశ్న జూలైలో మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆగస్టు చివరికి మచ్చ కంచమంత అయింది. రంగు పొంగి, పెచ్చులు లేచి, అంచుల వెంబడి తెల్లగా ఉప్పులాంటిది పూసింది. గది తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన. బీరువాలో పట్టుచీరలకి ఎక్కడ బూజు పడుతుందోనని నా బెంగ నాది. మచ్చేమో ఏడడుగుల ఎత్తున ఉంది. నీరు పల్లమెరుగు అన్నారు కదా, ఏడడుగుల ఎత్తున తడి ఉందంటే నీళ్లు అంతకంటే పైనుంచే దిగాలి. పైన ఉన్నది పిన్నిగారి ఇల్లు. ఇంకేముంది, దొంగ దొరికింది!

పిన్నిగారంటే నా సొంత పిన్ని కాదు. మా పై ఫ్లాట్లో ఒక్కరే ఉంటారు. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కూతురు విశాఖపట్నంలో ఉంటుంది. మేం ఈ ఇంట్లో దిగిన రోజు పాలు పొంగించడానికి గిన్నె కనపడక నేను వెతుక్కుంటుంటే, తన ఇత్తడి గిన్నె తెచ్చి చేతిలో పెట్టిన మనిషి. అలాంటి ఆవిడ ఇంటి తలుపు కొట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా, "పిన్నిగారూ, మీ బాత్‌రూమ్ నీళ్లు మా నెత్తిన పడుతున్నాయి" అన్నాను.

"మా ఇంట్లో ఎక్కడా తడి లేదే అమ్మాయ్" అన్నారావిడ.

"మీకెలా తెలుస్తుంది? తడి దిగేది మాకు కదా!"

ఆ తర్వాతి ఆదివారం అసోసియేషన్ మీటింగులో ఇదే మాట పదిమంది ముందు అన్నాను. ఇంకొంచెం గట్టిగానే అన్నాను. కిందింటికి నీళ్లు కారుతుంటే పై ఇంటివాళ్లే బాగుచేయించుకోవాలని మా బిల్డింగులో ముందునుంచీ రాసుకున్న మాట. పిన్నిగారు వాదించలేదు. సెప్టెంబరులో ఒక మేస్త్రీని పిలిపించుకుని బాత్‌రూమ్ నేలంతా తవ్వించారు. కొత్త టైల్సు వేయించారు. పదకొండు వేలయింది. పెన్షన్ డబ్బు. ఆ వారం రోజులూ సుత్తి దెబ్బలు మా నెత్తిమీద టకటకమంటుంటే నాకు లోపల తృప్తిగానే ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మచ్చ మాత్రం పోలేదు. "ఊరిన నీళ్లు అన్నీ ఆరాలి కదా" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అక్టోబరులో పిన్నిగారు దసరాకి కూతురి దగ్గరికి వెళ్లి పన్నెండు రోజులు ఉండి వచ్చారు. ఆ పన్నెండు రోజులూ పై ఇంట్లో చెంబెడు నీళ్లు కూడా వాడినవాళ్లు లేరు. మా గోడమీద మచ్చ మాత్రం బీరువా పైఅంచు దాటి కిందికి దిగింది. చూస్తూనే ఉన్నాను, రోజూ చూస్తూనే ఉన్నాను. అయినా రెండూ కలిపి ఆలోచించలేదు. ఒకసారి ఎవరిదో తప్పని తేల్చేసుకున్నాక కళ్లకి కనపడేది కూడా బుర్రకి ఎక్కదు కాబోలు.

బీరువా జిల్లుమంది

నవంబరులో ఓరోజు పొద్దున్న మా అమ్మాయి స్నానం చేసి, తడికాళ్లతో వచ్చి, యూనిఫారం తీసుకుందామని బీరువా పిడి పట్టుకుంది. కెవ్వుమని చెయ్యి లాక్కుంది. "అమ్మా, బీరువా జిల్లుమంది" అంది. నేను నమ్మలేదు. చెప్పుల్లేకుండా వెళ్లి నేనూ వేలు పెట్టాను. మోచెయ్యి దాకా జివ్వుమంది.

ఆ క్షణంలో నా కాళ్లు వణికిన వణుకు ఇప్పటికీ మర్చిపోలేను. బాత్‌రూమ్ గీజరు స్విచ్చిబోర్డు ఆ గోడకే, బీరువా పక్కనే ఉంది. గోడలో చెమ్మ బోర్డు పెట్టెదాకా పాకింది. తడిగోడ, దానికి ఆనించిన ఇనపబీరువా, కింద తడికాళ్ల పిల్ల. మూడూ ఒక వరసలో నిలబడ్డాయన్న మాట.

మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్ని పిలిపించాం. అతను గీజరు వైరింగు విడదీసి, బోర్డు లోపల వేలితో రాసి చూపించాడు. వేలు తడిసింది. "మరి ఎంసీబీ ఎందుకు పడలేదు?" అని మావారు అడిగారు. అతను చెప్పినది మీరందరూ తెలుసుకోవలసిన విషయం. ఎంసీబీ పడేది షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు, లేదా లోడు మరీ ఎక్కువైనప్పుడు. ఇలా గోడలోంచో మనిషిలోంచో కొద్దికొద్దిగా పారిపోయే కరెంటుని అది పట్టుకోలేదు. దానికి ఆర్‌సీసీబీ అని వేరే ఉంటుంది. ఇళ్లకి 30 మిల్లీ ఆంపియర్లది వేస్తారు. 2004లో కట్టిన మా ఫ్లాట్లో అది లేదు. మీ ఇంట్లో ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. మెయిన్ బోర్డులో దానిమీద 'టి' అక్షరంతో చిన్న మీట ఉంటుంది. నొక్కితే ఇంట్లో కరెంటు పోవాలి. పోకపోతే అది ఉన్నా లేనట్టే.

పోతూ పోతూ ఆ ఎలక్ట్రీషియన్, "ఇది కరెంటు తప్పు కాదు మేడమ్, నీళ్ల తప్పు. ముందు నీళ్ల సంగతి చూడండి" అన్నాడు.

సంచీ విప్పకముందే మూడు ప్రశ్నలు

అతనే ఒక ప్లంబరు కుర్రాణ్ణి పంపించాడు. పాతికేళ్లుంటాయేమో. అంతకుముందు వచ్చినవాళ్లంతా వస్తూనే సుత్తి బయటికి తీశారు. ఇతను సంచీ గుమ్మం దగ్గరే పెట్టి, గోడకేసి చూస్తూ మూడు ప్రశ్నలు అడిగాడు.

"ఈ మచ్చ వాన వస్తే పెరిగి, ఎండ కాస్తే తగ్గుతోందా మేడమ్? పైవాళ్లు నీళ్లు వాడినప్పుడు పెరుగుతోందా? లేక ఎప్పుడూ ఒకేలా ఉంటోందా?"

వానకి పెరిగే తడి అయితే డాబా మీదో, బయటి గోడ బీటల్లోనో, కిటికీ సన్‌షేడ్ దగ్గరో ఉంటుంది లోపం. నీళ్లు వాడినప్పుడు మాత్రమే పెరిగేదైతే వాడేసిన నీళ్లు పోయే దారిది. అంటే నాని ట్రాప్ చుట్టూ పగులు, టైల్సు మధ్య సందులు, కమోడు కింద జాయింటు, సింకు గొట్టం, ఇలాంటివి. ఎవరు వాడినా వాడకపోయినా, రాత్రీ పగలూ ఒకేలా తడి ఉంటే అది ట్యాంకు నుంచి వచ్చే నీళ్ల పైపుది. ఆ పైపులో ఎప్పుడూ నీళ్ల ఒత్తిడి ఉంటుంది కాబట్టి కారడానికి సెలవు ఉండదు.

పిన్నిగారి పన్నెండు రోజులు అప్పుడు గుర్తొచ్చాయి నాకు. నోరు ఎండిపోయింది.

"ఇటు గోడలో మీ పైపు ఏదైనా పోతోందా?" అన్నాడు. ఏముంటాయి, షవరు పంపు, బకెట్ పంపు, అన్నీ నడుముకి కాస్త అటూ ఇటూ ఎత్తులోనే కదా అన్నాను. అతను బాత్‌రూమ్‌లోకి వెళ్లి వేలు పైకెత్తి చూపించాడు. గీజరు! ఏడడుగుల ఎత్తున గోడకి తగిలించి ఉంది. దానికి చన్నీళ్లు తీసుకెళ్లే పైపు, వేణ్నీళ్లు కిందికి తెచ్చే పైపు, రెండూ గోడలోంచే వెళ్తాయి. నీళ్లు పైనుంచే రావాలి అన్న నా లెక్క తప్పు కాదు. మా ఇంట్లోనే అంత ఎత్తున నీళ్లున్నాయన్న సంగతి నేను మర్చిపోయాను, అంతే.

ఖాయం చేసుకోవడానికి అతను చెప్పిన పద్ధతికి నయాపైసా ఖర్చు లేదు. రాత్రి వీధిలో చప్పుడు సద్దుమణిగాక, ఇంట్లో పంపులన్నీ కట్టేసి, స్టీలు గ్లాసు మూతి గోడకి ఆనించి, అడుగుభాగం చెవికి పెట్టుకుని వినమన్నాడు. ఆ రాత్రి పన్నెండున్నరకి కుర్చీ ఎక్కి గోడకి గ్లాసు పెట్టుకుని నిలబడ్డాను. మావారు కళ్లు నులుముకుంటూ లేచి, "ఎవరి మాటలు వింటున్నావు?" అన్నారు. చెయ్యి ఊపి నోరు మూసుకోమన్నాను. సన్నగా, ఎక్కడో పాము బుసకొట్టినట్టు 'సిస్స్'మని వినిపించింది. దిగి వెళ్లి గీజరు కింద చన్నీళ్ల యాంగిల్ కాక్ కట్టేశాను. మళ్లీ కుర్చీ ఎక్కాను. చప్పుడు లేదు. తెరిచాను, ఉంది. కట్టేశాను, లేదు. మూడుసార్లు చూశాను. ఆ కాక్ కట్టేస్తే గీజరుకి నీళ్లు వెళ్లవు, దాన్ని దాటి వేణ్నీళ్ల పైపులోకి ఒత్తిడి వెళ్లదు. అంటే లోపం వేణ్నీళ్ల పైపుదే.

నాలుగు నెలలు, పదకొండు వేలు, పదిమందిలో ఒక పెద్దావిడకి అవమానం. వీటన్నిటి స్థానంలో ఒక గ్లాసు సరిపోయేది.

మర్నాడు ఆ కుర్రాడు వేణ్నీళ్ల పంపుల చోట బిరడాలు బిగించి, చేతిపంపుతో పైపులోకి నీళ్లు ఎక్కించి, గేజీ ముల్లు ఒక అంకె దగ్గర నిలబెట్టాడు. పైపు బాగుంటే ముల్లు అక్కడే నిలబడాలి. మాది మేం చూస్తుండగానే దిగిపోయింది. ఇప్పుడు సుత్తి తీశాడు. ఒకే ఒక్క టైలు పగలగొట్టాడు. మచ్చకి సరిగ్గా వెనక, పాత ఇనప పైపు ఎల్బో తుప్పు పట్టి, సూదిమొనంత బెజ్జం పడి ఉంది. ఆ బెజ్జంలోంచి నీళ్లు వెంట్రుకంత సన్నగా గోడలోకి చిమ్ముతున్నాయి. మాకు బోరు నీళ్లు కూడా కలుస్తాయి. అవి గట్టి నీళ్లు. జీఐ పైపులు లోపల్నించి తుప్పు తినేస్తాయి, బయటికి తెలియదు. పొద్దున్నే పంపు తిప్పితే మొదటి చెంబు నీళ్లు ఎర్రగా వస్తుంటే అది పైపు పెట్టే దరఖాస్తు అనుకోవాలి. మాకు ఏడాదిగా వస్తున్నాయి. నేను చెంబెడు పారబోసి ఊరుకునేదాన్ని.

గోడంతా తవ్వి కొత్త పైపు వేయడం కంటే పాతది మూసేసి, గోడమీదే పైకి కనపడేలా కొత్త పైపు వేయించాం. చూడ్డానికి అంత బాగుండదు గాని, రేపు కారితే కంటికి కనపడుతుంది. అందానికంటే అదే నయమనిపించింది. ఒక్క మాట, వేణ్నీళ్లకి మామూలు పీవీసీ పైపు పనికిరాదు, మెత్తబడిపోతుంది. సీపీవీసీ అని అడిగి తెప్పించుకోవాలి. దుకాణంలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. చవగ్గా వస్తుందని మొదటిది అంటగట్టే మేస్త్రీలూ ఉంటారు.

మచ్చకి రంగు వేయడానికి తొందరపడకండి

పైపు బాగుపడగానే పండగలోగా రంగు వేయించేద్దామని మావారు. అలా వేయిస్తే ఆర్నెల్లలో మళ్లీ పెచ్చులూడి కింద పడుతుంది. ఇటుక గోడ తాగిన నీళ్లు ఆరడానికి వారాలూ నెలలూ పడుతుంది. మాకు మార్చి దాటింది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి తేలిక దారి ఒకటుంది. అడుగు పొడవు అడుగు వెడల్పు పాలిథిన్ కాగితం గోడకి అంటించి, నాలుగు అంచులా గాలి దూరకుండా టేపు వేయాలి. రెండు రోజులయ్యాక చూస్తే కాగితానికి గోడవైపు నీటిబొట్లు పట్టి ఉంటే లోపల ఇంకా తడి ఉన్నట్టు. గదివైపు పడితే అది గాలిలోని తేమ.

తెల్లటి ఉప్పుని తడిగుడ్డతో తుడవకండి. కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో రాల్చి ఊడ్చేయాలి. ఇంకా, మచ్చ చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పక్కన తారీకు వేయండి. పెరుగుతోందా తగ్గుతోందా అన్నది మాటల్లో కాదు, గీతలో తెలుస్తుంది. అది జూలైలోనే చేసి ఉంటే అక్టోబరు తారీకు చూసైనా నాకు బుద్ధి వచ్చేది.

గ్లాసు లెక్క

ఈ దెబ్బతో నాకు నీళ్ల పిచ్చి పట్టుకుంది. ఇల్లంతా తిరిగి ఎక్కడ ఏది కారుతోందో వెతకడం మొదలెట్టాను. వంటింటి సింకు పంపు చాలా రోజులుగా టప్‌టప్‌మంటోంది. ఎంత పోతుందిలే అనుకునేదాన్ని. దాని కింద రెండొందల మిల్లీలీటర్ల గ్లాసు పెట్టి గడియారం చూశాను. ఇరవై నిమిషాల్లో నిండింది. గంటకి మూడు గ్లాసులు, అంటే ఆరొందల మిల్లీలీటర్లు. రోజుకి పద్నాలుగు లీటర్ల పైచిలుకు. ఏడాదికి లెక్క కడితే 5,256 లీటర్లు! ఎండాకాలంలో మేం డబ్బిచ్చి తెప్పించుకునే ట్యాంకరుకి 5,000 లీటర్లు. ఒక ట్యాంకరు నీళ్లు బొట్టు బొట్టుగా సింకులోంచి మురిక్కాలవలోకి పోతున్నాయి. మా పంపుల్లోకి వచ్చే కృష్ణ నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు పైపుల్లో ప్రయాణం చేసి వస్తాయి. "పంపు కారే ఇంట్లో లక్ష్మి నిలవదు" అని మా అత్తయ్యగారు అంటుంటే చాదస్తం అనుకునేదాన్ని. ట్యాంకరు బిల్లు చూశాక ఆవిడ అర్థశాస్త్రం అర్థమైంది.

పాతకాలం తిప్పుడు పంపయితే వాషరు మార్చుకోవడం మనమే చేసుకోవచ్చు. నేను చేశాను, మీరూ చేయగలరు. ముందు ఆ లైను వాల్వు కట్టేయాలి. పంపు తెరిచి మిగిలిన నీళ్లు పోనివ్వాలి. సింకు బెజ్జంలో గుడ్డ కుక్కాలి, లేకపోతే మర ఊడి అందులో పడి ఇంకో కథ మొదలవుతుంది. పానాతో పంపు తల విప్పితే అడుగున అరిగిపోయిన రబ్బరు బిళ్ల కనపడుతుంది. దాన్ని పట్టుకెళ్లి షాపులో చూపించి అదే సైజుది తెచ్చుకోండి. నోటితో చెబితే మూడుసార్లు తిరగాలి, నేను తిరిగాను. ఇప్పుడొచ్చే పావు తిప్పు పంపుల్లో వాషరు బదులు పింగాణీ బిళ్లల కార్ట్‌రిడ్జి ఉంటుంది. ఇసక పడితే గీతలు పడి కారుతుంది. అది మొత్తంగా మార్చాల్సిందే. పంపు గోడలో దిగేచోట కారుతుంటే మరలకి తెల్లటి టెఫ్లాన్ టేపు చుట్టాలి. బిగించేటప్పుడు పంపు ఏ వైపు తిరుగుతుందో చూసుకుని, ఆ తిప్పుడుకి టేపు ఊడిపోకుండా బిగిసేలా చుట్టాలి. తిరగేసి చుడితే బిగిస్తుంటే ముడతలుపడి బయటికొచ్చేస్తుంది.

కమోడు ఫ్లష్ ట్యాంకు అన్నిటికంటే పెద్ద దొంగ. చప్పుడు చేయదు, నేల తడవదు, కారినదంతా కమోడులోంచే పోతుంది. దాన్ని పట్టుకోవడానికి ట్యాంకులో కాస్త మిఠాయి రంగు కలిపి, అరగంట ఎవ్వరూ అటు వెళ్లకుండా చూసుకోవాలి. (మా ఇంట్లో కష్టమైన పని ఇదే.) అరగంటకి కమోడులో నీళ్లకి రంగు వస్తే ట్యాంకు అడుగున రబ్బరు పాడైనట్టు. నేను మొదట పసుపు వేశాను. అది కరగక అడుగున పేరుకుపోయింది, పైగా అత్తయ్యగారు "పసుపు అక్కడ వేస్తావా?" అని నాలుగు చీవాట్లు పెట్టారు. కాబట్టి రంగే వాడండి.

వేరే ఇల్లున్నవాళ్లకి మీటరు ఉంటుంది. రాత్రి పడుకోబోయే ముందు అంకె రాసుకుని పొద్దున్న ఎవరూ పంపు తిప్పకముందే చూడాలి. చాలా మీటర్లలో ముళ్ల చక్రంలాంటి చిన్నది ఒకటుంటుంది. పంపులన్నీ కట్టేసినా అది మెల్లగా తిరుగుతోందంటే మీటరుకీ పంపుకీ మధ్య ఎక్కడో నీళ్లు పోతున్నాయన్న మాట. ఇంట్లో సంపు ఉంటే దాని బాల్‌వాల్వు కట్టే దాకా ఈ పరీక్ష పనికిరాదు, సంపు నిండుతుంటే కూడా చక్రం తిరుగుతుంది. హైదరాబాదులో 2021 జనవరిలో నెలకి 20 వేల లీటర్ల ఉచిత నీళ్ల పథకం పెట్టినప్పుడు, పనిచేసే మీటరు ఉండాలన్నారు. అప్పుడు బిగించుకున్న చాలామంది దాన్ని బిల్లు కోసమే అనుకుంటారు గాని, లీకుని పట్టించే మొదటి సాక్షి అదే.

మీటరు లేనివాళ్లకి మేడమీద ట్యాంకు ఉంది. రాత్రి పొడవాటి కర్ర ముంచి నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టండి. పొద్దున్న మళ్లీ ముంచండి. గుండ్రటి ప్లాస్టిక్ ట్యాంకు అడ్డం కొలత 110 సెంటీమీటర్లయితే, మట్టం ఒక్క సెంటీమీటరు దిగిందంటే తొమ్మిదిన్నర లీటర్లు పోయినట్టు. అపార్టుమెంటులో అందరిదీ ఒకే ట్యాంకయితే ఇది కుదరదు, ఒక్కొక్క బాత్‌రూమ్ వాల్వు కట్టి చూసుకోవడమే.

కారేచోట బకెట్ పెట్టి మర్చిపోవడం మనందరికీ అలవాటు. సింకు కింద చీకట్లో ఆ బకెట్లో నీళ్లు వారం పదిరోజులు నిలవుంటే చాలు, గుడ్డు కాస్తా డెంగీ దోమై ఎగిరిపోతుంది. ఆ దోమకి మంచినీళ్లే కావాలి, మురికి అక్కర్లేదు.

నిజంగానే పై ఇంటిదయితే?

అవుతుంది, చాలాసార్లు అవుతుంది. ఇంత చెప్పానని పై ఇంటివాళ్లెప్పుడూ నిర్దోషులని కాదు. మీ బాత్‌రూమ్ కప్పునుంచే తడి దిగుతుంటే అనుమానం వాళ్లమీదే పడాలి. కాని తవ్వించే ముందు ఒక పరీక్ష ఉంది. పైవాళ్ల బాత్‌రూమ్‌లో నాని ట్రాప్‌ని గుడ్డ, ప్లాస్టిక్ కవరుతో గట్టిగా మూసి, నేలమీద రెండంగుళాల ఎత్తు నీళ్లు నిలబెట్టి, అందులో రంగు కలిపి ఒక రోజంతా వదిలేయాలి. కింద మచ్చ తడిసినా, రంగు దిగినా, లోపం నేలది. ఏమీ కాకపోతే ట్రాప్ తెరిచి ఆ నీళ్లు ఒక్కసారిగా వదలాలి. అప్పుడు తడిస్తే గొట్టానిది. రెండిటికీ తడవకపోతే మీ ఇంట్లో మీరు వెతుక్కోవాలి. ఇప్పుడు మా అసోసియేషన్ పుస్తకంలో ఈ పరీక్ష అయ్యాకే ఎవరైనా తవ్వించాలని రాయించాను. చేతి రాత నాదే.

టైలు పగలగొట్టిన రోజు సాయంత్రం ఆ తుప్పు ఎల్బోని కాగితంలో చుట్టుకుని, పదకొండు వేలు కవర్లో పెట్టుకుని, పై అంతస్తు మెట్లెక్కాను. కథల్లో అయితే ఇలాంటి చోట నేను పెద్దావిడ చేత "డబ్బెందుకమ్మా, మన మధ్య" అనిపించి, ఇద్దరి కళ్లూ తడిపేదాన్ని. పిన్నిగారు కళ్లజోడు పెట్టుకుని ఎల్బోని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశారు. బెజ్జంలో పిన్నీసు దూర్చి చూశారు. తర్వాత కవరు విప్పి నోట్లు లెక్కపెట్టారు. లెక్కల టీచరు కదా, రెండుసార్లు లెక్కపెట్టి బీరువాలో పెట్టి తాళం వేశారు.

"తప్పైపోయింది పిన్నిగారూ" అన్నాను. ఈసారి కూర్చోమనకుండానే కూర్చున్నాను.

"మీటింగులో అన్నమాటకి మీటింగులోనే చెప్పాలి అమ్మాయ్" అన్నారు.

వచ్చే ఆదివారం చెప్తానన్నాను. చెప్పాను కూడా. ఆ రోజు మాత్రం ఆవిడ ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్లి కాఫీ కలుపుతూ వంటింట్లోంచే అడిగారు.

"ఆ కుర్రాడు మళ్లీ ఎప్పుడొస్తాడు? మా సింకు కింద నెల్లాళ్లుగా గిన్నె పెడుతున్నాను. నువ్వు చూస్తే మళ్లీ ఏమంటావోనని చెప్పలేదు."